ఖాళీ కుర్చీలతోనూ సభ చెల్లుతుంది

ముప్పై రోజులు. ఊరి పక్కన సిమెంటు ఫ్యాక్టరీయో, గనో, థర్మల్ ప్లాంటో వస్తున్నదంటే చట్టం ఊరికిచ్చే గడువు అదీ. ఫలానా తేదీన, ఫలానా చోట ప్రజాభిప్రాయ సేకరణ అని కాలుష్య నియంత్రణ మండలి (పీసీబీ) ఒక జాతీయ దినపత్రికలోనూ, ఒక తెలుగు దినపత్రికలోనూ ప్రకటన వేస్తుంది. అది ఎక్కడ పడుతుందో ఎప్పుడైనా చూశారా? టెండరు నోటీసులకీ, బ్యాంకుల బంగారం వేలం ప్రకటనలకీ మధ్య, చీమ తలకాయంత అక్షరాలతో. పత్రికలు అందని చోట డప్పు కొట్టించి చాటాలని 2006 సెప్టెంబరు 14 నాటి కేంద్ర నోటిఫికేషన్‌లోనే రాసి ఉంది. నేను తిరిగిన ఊళ్ళలో ఆ డప్పు విన్నామన్నవాళ్ళు ఇంతవరకూ కనబడలేదు. ముప్పైలో వారం పదిరోజులు అలా మనకు తెలియకుండానే కరిగిపోతాయి.

మిగిలిన ఆ ఇరవై రోజుల గురించి నాలుగు మాటలు చెప్పాలి. ఊళ్ళో ఉన్నవాళ్ళకీ, ఊరు వదిలి హైదరాబాదులోనో డాలస్‌లోనో ఉద్యోగాలు చేసుకుంటున్న పిల్లలకీ, రేపు ఆ సభలో వేదిక మీద కూర్చోబోయే అధికారులకీ కలిపి చెబుతున్నాను. ఎవరి వాటా వాళ్ళు తీసుకోండి.

ఆ నోటిఫికేషన్‌లో నన్ను ఎప్పుడూ గుచ్చే వాక్యం ఒకటుంది. సభ మొదలుపెట్టడానికి ఇంతమంది ఉండాలన్న నియమం లేదని. పాల సొసైటీ మహాజన సభకైనా కోరం కావాలి. ఊరి నీళ్ళూ గాలీ తేల్చే సభకి అక్కర్లేదు! రెండు వందల ప్లాస్టిక్ కుర్చీలు వేసి, మైకు పెట్టి, వీడియో తీసి, ఎవరూ రాకపోతే 'అభ్యంతరాలు లేవు' అని రాసుకుని వెళ్ళిపోవచ్చు. చట్టం దృష్టిలో అది పద్ధతిగా జరిగిన సభే. 'మనం పోయినా పోకపోయినా వాళ్ళు చేసేది చేస్తారు' అని రచ్చబండ మీద అనుకోవడం నేను వింటూనే ఉన్నాను. సరే, వాళ్ళు చేసేది వాళ్ళు చేస్తారు. మన సంతకం లేకుండా చేయనిద్దామా, మన మౌనాన్నే సంతకంగా చూపించనిద్దామా?

వేదిక మీద ఎవరు కూర్చుంటారో తెలుసుకుని వెళ్ళాలి. మధ్యలో కలెక్టరు, లేదా ఆయన తరఫున వచ్చిన అదనపు స్థాయి అధికారి. పక్కన పీసీబీ ఇంజినీరు. ఇంకో పక్క కంపెనీవాళ్ళు. జనం కలెక్టరు వైపు తిరిగి దండం పెడతారు, 'అయ్యా, మాకు ఈ ఫ్యాక్టరీ వద్దయ్యా' అంటారు. ఆయన తల ఊపుతారు. ఆ తల ఊపుని చూసి ఊరంతా తృప్తిగా ఇంటికెళ్తుంది. అసలు సంగతేమిటంటే, పర్యావరణ అనుమతి ఇవ్వడం గానీ ఆపడం గానీ ఆయన చేతిలో లేదు. పీసీబీ చేతిలోనూ లేదు. ఆ రోజు వాళ్ళ పని సభ జరిపించడం, మనం చెప్పింది రాయించడం, కాగితాలనూ వీడియోనూ పైకి పంపడం. సభ అయిన 8 రోజుల్లోగా అవి వెళ్ళాలి. పెద్ద ప్రాజెక్టయితే ఢిల్లీలో కేంద్ర పర్యావరణ శాఖకి, దానికన్నా చిన్నదయితే రాష్ట్ర స్థాయి ప్రాధికార సంస్థకి. అక్కడ నిపుణుల కమిటీ ఒకటి కూర్చుని చదువుతుంది. వద్దు, కావాలి, ఈ షరతులతో కావాలి అని సిఫారసు రాసేది ఆ కమిటీ. వాళ్ళలో ఒక్కరైనా మన ఊరు చూసి ఉండకపోవచ్చు.

అంటే మైకు ముందు నిలబడి మనం మాట్లాడుతున్నది ఎదురుగా ఉన్న కలెక్టరు గారితో కాదు. ఎక్కడో ఢిల్లీలో మన ఊరి పేరు కూడా సరిగా పలకలేని మనిషి ముందున్న కాగితంతో మాట్లాడుతున్నాం. ఆ కాగితం మీదకి ఏం ఎక్కుతుందన్నదే లెక్క.

ఇది నేను తలబొప్పి కట్టి నేర్చుకున్నాను. ఏళ్ళ కిందట ఒక సున్నపురాయి గని సభలో ఇరవై నిమిషాలు మాట్లాడాను. భూమాత అన్నాను, రాబోయే తరాలన్నాను, పెట్టుబడిదారుల దురాశ అన్నాను. చప్పట్లు మారుమోగాయి. నా తరవాత ఒక గొర్రెల కాపరి లేచి, 'మా మందలు చెరువుకి పోయే డొంక మీ కంచె లోపల పడతా ఉంది, మరి మేం ఎట్టా పోవాల?' అని అడిగి కూర్చున్నాడు. అర నిమిషం పట్టిందేమో. తరవాత మినిట్స్ తెప్పించుకుని చూశాను. నా ఇరవై నిమిషాలకి ఒకే ఒక్క పంక్తి: పర్యావరణంపై ఆందోళన వ్యక్తపరిచారు. ఆయన ప్రశ్నకి మాత్రం ఒక గడి, ఆ గడి పక్కన కంపెనీ సమాధానం, డొంకని మినహాయించి కంచె వేస్తామన్న హామీ. అప్పటి నుంచి సభలో ఉపన్యాసం ఇవ్వడం మానేశాను.

కాబట్టి సర్వే నంబరు చెప్పండి. బోరు ఎన్ని అడుగుల్లో నీళ్ళిస్తోందో చెప్పండి. ఏ నెలలో ఏ వాగు పారుతుందో, ఏ రేవులో ఏ చేప పడుతుందో, బడికీ చిమ్నీకీ మధ్య ఎన్ని అడుగులో చెప్పండి. 'దీనికి జవాబు రాతలో ఇవ్వండి' అని చివర్న చేర్చండి. నోటితో చెప్పిందే రెండు ప్రతులు రాసి, ఒకటి వేదిక మీద ఇచ్చి, రెండోదాని మీద అందినట్టు సంతకం తీసుకోండి. సభ అయ్యాక భోజనం పొట్లాల కోసం లేచిపోకండి. ఆ రోజు చెప్పినవన్నీ అక్కడికక్కడే, మనకు తెలిసిన భాషలో, చదివి వినిపించాలి. ఆ తరవాతే, అదే రోజు, సంతకం పడాలి. మన ఊళ్ళలో చాలా సభలు ఎక్కడ ఓడిపోతాయో తెలుసా? ఆ ఆఖరి అరగంటలో. చదివేవాడు గొణుగుతుంటాడు, వినాల్సినవాళ్ళు చెప్పులు వెతుక్కుంటుంటారు.

టెంటు కూల్చేద్దాం, మైకు లాగేద్దాం అనే కుర్రాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. వాళ్ళ కోపం నాకు అర్థమవుతుంది. కానీ ఇంకో సంగతి కూడా వినండి. స్థానిక పరిస్థితుల వల్ల జనం స్వేచ్ఛగా మాట్లాడే వీలు లేదని నివేదిక వెళితే, అసలు సభే అక్కర్లేదని పైవాళ్ళు తేల్చేయడానికి అదే నోటిఫికేషన్‌లో దారి ఉంది. మనం కూల్చిన టెంటు వాళ్ళకి సులువైన తోవ అవుతుంది.

ఇక పుస్తకం సంగతి. పర్యావరణ ప్రభావ అంచనా నివేదిక, ఈఐఏ అంటారు. వందల పేజీలు, ఇంగ్లీషులో. తెలుగులో ఉండేది దాని సారాంశం మాత్రమే. ఈ రెండిటి ప్రతులూ కలెక్టరు ఆఫీసులో, జిల్లా పరిషత్తులో, జిల్లా పరిశ్రమల కేంద్రంలో, స్థానిక సంస్థ దగ్గర అందుబాటులో ఉండాలి. నివేదికని రాసేది ప్రభుత్వం కాదు. కంపెనీ డబ్బిచ్చి పెట్టుకున్న కన్సల్టెంటు. పరీక్ష రాసేవాడే పేపరు దిద్దేవాడికి జీతమిస్తే మార్కులెలా పడతాయో, ఆ పుస్తకాన్ని అలాగే చదవాలి. మహారాష్ట్ర రత్నగిరి జిల్లాలో ఒక బాక్సైట్ గని నివేదికలో రష్యాలో ఏదో గని గురించి రాసిన పేరాలు అలాగే దొరికాయి. కొంకణ తీరంలో రష్యా అడవి మొలిచింది! నవ్వొస్తుంది గానీ, పట్టుకున్నవాళ్ళు చదివారు గనక పట్టుకున్నారు. చదవకపోతే ఆ రష్యా అడవి సాక్షిగానే ఫైలు నడిచిపోయేది.

నివేదిక చేతికి రాగానే మొదట చూడాల్సింది నమూనాలు ఏ నెలల్లో తీశారన్నది. చాలా ప్రాజెక్టులకి ఒక్క కాలం లెక్కలు చాలు, అదీ వానాకాలం కాకుండా. మార్చి నుంచి మే దాకా మూడు నెలలు తిరిగి, గాలీ నీరూ నేలా కొలిచి, చుట్టూ పది కిలోమీటర్ల ఊళ్ళ బతుకంతా అదేనని రాసేస్తారు. మన నేలని మేలో చూసినవాడికి ఏం తెలుస్తుంది? బీటలు వారిన చెరువుని చూసి మైదానం అంటాడు, ఎండిన వాగుని చూసి బండ్ల బాట అంటాడు. శ్రావణంలో అదే చోట మోకాలి లోతు నీళ్ళున్న సంగతి మనమే చెప్పాలి. వానాకాలం ఫోటోలు మన ఫోన్లలో ఉంటాయి, తేదీలతో సహా. అవి తీయండి.

సోంపేట కథ ఇక్కడే చెప్పాలి. శ్రీకాకుళం జిల్లా, ఉద్దానం. కొబ్బరీ జీడీ పనసా ఉన్న నేల. సముద్రానికీ ఊళ్ళకీ మధ్య బీల ఉంది. ఏడాదిలో ఎక్కువ భాగం తేమ ఆరని పల్లపు నేల. కొందరికి అది వరి, కొందరికి చేప, కొందరికి పశువుల మేత. అక్కడ బొగ్గుతో నడిచే భారీ థర్మల్ విద్యుత్ కేంద్రం పెట్టాలని ప్రతిపాదన వచ్చింది. కాగితాల మీద బీల పనికిరాని నేలగా మారింది. 2009లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది, జనం వద్దన్నారు, అయినా అదే ఏడాది చివర్లో కేంద్రం అనుమతి ఇచ్చింది. ఊళ్ళు రిలే దీక్షలకి కూర్చున్నాయి. దీక్షలతోనే ఊరుకోలేదు. అప్పట్లో ఉన్న జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీకి వెళ్ళి, ఇది పనికిరాని నేల కాదు, తడి నేల అని వాదించారు.

2010 జులై 14. పనులు మొదలుపెట్టడానికి వందల మంది పోలీసులతో యంత్రాలు వచ్చాయి. జనం అడ్డం నిలబడ్డారు. కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. అదే రోజు ఢిల్లీలో ఆ అథారిటీ పర్యావరణ అనుమతిని రద్దు చేసింది.

ఒకే తేదీ. ఒక చోట తుపాకీ, ఒక చోట తీర్పు. నేను దీన్ని ఎన్నిసార్లు తలుచుకున్నా ఊపిరి బరువెక్కుతుంది. తడి నేలని తడి నేల అని మొదటి కాగితంలోనే రాసి ఉంటే? సభలో జనం చెప్పిన మాటని కమిటీ చెవికెక్కించుకుని ఉంటే? కన్సల్టెంటు, మండలి, కమిటీ, మంత్రిత్వ శాఖ, ఇన్ని చేతులు దాటిందే ఆ ఫైలు. ఏ ఒక్క చేయి ఆపినా ఆ ప్రాణాలు నిలిచేవి. ఏడు నెలలు తిరిగేసరికి, 2011 ఫిబ్రవరి 28న, అదే జిల్లా కాకరాపల్లిలో మరో థర్మల్ కేంద్రం దగ్గర మళ్ళీ కాల్పులు, మళ్ళీ చావులు.

అందుకే అధికారుల వాటా గురించి మాట్లాడకుండా ఉండలేను. ఆ కుర్చీల్లో ఉన్నది పరాయివాళ్ళేం కాదు. మన గురుకులాల్లో చదివి, మన ఇంజినీరింగ్ కాలేజీల్లో పట్టాలు తీసుకుని, గ్రూప్-1 కోసం ఏళ్ళ తరబడి లైబ్రరీల్లో కూర్చున్న మన పిల్లలే. వాళ్ళకి విశాఖపట్నం గుర్తుచేస్తాను. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్ఆర్ వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ ఆవిరి ఇళ్ళలోకి వచ్చింది. నిద్రలో ఉన్నవాళ్ళు లేచి రోడ్ల మీద పడిపోయారు. పన్నెండు మంది చనిపోయారు. తరవాత తెలిసిందేమిటి? తాము ఉత్పత్తి చేస్తున్న పరిమాణానికి తగిన పర్యావరణ అనుమతి తమ దగ్గర లేదని ఆ సంస్థే ఏడాది ముందు, 2019 మేలో, రాష్ట్ర అధికారులకి అఫిడవిట్‌లో రాసిచ్చింది. రాసిచ్చింది! దొంగ తలుపు తట్టి నా దగ్గర తాళం లేదని చెప్పి వెళ్ళినట్టు. ఆ కాగితం ఏడాది పాటు ఏదో ఒక బల్ల మీద ఉంది. నీటి చట్టం, గాలి చట్టం కింద ఇచ్చే సమ్మతి ఒక దారిన నడిచింది, పర్యావరణ అనుమతి సంగతి ఇంకో దారిన నిలిచిపోయింది. ఇది మా పరిధి కాదు, వాళ్ళ పరిధి అని ఎవరికివారు అనుకున్నట్టున్నారు. ఊపిరితిత్తులకి పరిధులుండవు.

పీసీబీలో ఉన్న తమ్ముడూ, చెల్లీ, ఫైలు నీ బల్ల మీదికి వచ్చినప్పుడు సంతకం పెట్టే ముందు ఒక్కసారి బండెక్కి ఆ ఊరు వెళ్ళిరా. నివేదికలో చెరువు లేదని ఉండి, నీ కాళ్ళకి బురద అంటితే, ఆ బురద సంగతి నోట్ ఫైల్లో రాయి. పై అధికారి కొట్టేస్తే కొట్టేయనీ. నీ నోట్ అక్కడే ఉంటుంది, రేపు ఏ న్యాయస్థానమో దాన్ని తెరుస్తుంది. గోవాలో ఒక ఇనుప గని కేసులో ఢిల్లీ హైకోర్టు 2009లోనే చెప్పింది: ప్రజాభిప్రాయ సేకరణలో వచ్చిన అభ్యంతరాలని నిపుణుల కమిటీ పట్టించుకోవాలి, ఎందుకు ఒప్పుకున్నదీ ఎందుకు తోసిపుచ్చిందీ కారణాలు రాయాలి అని. ఆ తీర్పు ఊళ్ళో పనికొచ్చేది, ఆఫీసులోనూ పనికొచ్చేది.

ఊరు వదిలిన పిల్లలారా, మీ వంతు. సంక్రాంతికి వచ్చి ముగ్గుల ఫోటోలు పెట్టుకుంటారు, ఊరి వాట్సాప్ గ్రూపులో రోజూ శుభోదయాలు పంపుతారు. ఆ ఇంగ్లీషు పుస్తకం చదవగలిగేది మీరే. పది మంది కలిస్తే ఒక్కొక్కరికి ఒక అధ్యాయం. నీళ్ళ పట్టిక సివిల్ ఇంజినీరుకి, గాలి లెక్కలు కెమిస్ట్రీ చదివినమ్మాయికి, భూముల జాబితా రెవెన్యూ తెలిసిన బాబాయికి. ఏయే విషయాలు అధ్యయనం చేయాలో నిపుణుల కమిటీ ముందే కంపెనీకి రాసిస్తుంది, టీవోఆర్ అంటారు. దాన్నీ నివేదికనీ పక్కపక్కన పెట్టండి. అడిగిందొకటి, రాసిందొకటి అని ఎన్నిచోట్ల తేలుతుందో మీకే తెలుస్తుంది. కేంద్రం పరివేష్ పోర్టల్లో దరఖాస్తులూ అనుమతులూ పెడుతోంది. న్యూజెర్సీలో కూర్చుని కూడా చూడొచ్చు. చదివింది తెలుగులోకి మార్చి, రాత్రి ఎనిమిదికి అమ్మమ్మకి ఫోన్లో చెప్పండి. అమ్మమ్మకి అర్థమైతే ఊరికి అర్థమైనట్టే.

భాష సంగతి చిన్నదనుకోకండి. 2020లో ఈ నోటిఫికేషన్‌నే మారుస్తూ కేంద్రం ముసాయిదా తెచ్చింది. ముప్పై రోజుల గడువుని ఇరవైకి తగ్గిస్తామన్నది అందులోదే. ఆ ముసాయిదాని మొదట ఇంగ్లీషులో, హిందీలో మాత్రమే వేశారు. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషలన్నిట్లోకీ తర్జుమా చేసి పెట్టమని ఢిల్లీ హైకోర్టు చెప్పాల్సి వచ్చింది. తెలుగులో అడగడం మన గొంతెమ్మ కోరిక కాదు.

ఇంత చెప్పాక, వీడు ఏ ఫ్యాక్టరీనీ రానివ్వడని అనుకునేవాళ్ళుంటారు. నాకు ఫ్యాక్టరీల మీద పగ లేదు. మా ఇంట్లో ఫ్యాన్ తిరుగుతోంది, గోడకి సిమెంటుంది. ఉద్యోగాల కోసం ఎదురుచూసే కుర్రాడిని పర్యావరణం పేరు చెప్పి నోరు మూయించే హక్కు నాకు లేదు. ఆ కుర్రాడు కూడా సభకి రావాలి, వచ్చి అడగాలి: ఎన్ని ఉద్యోగాలు, ఎలాంటివి, కాంట్రాక్టువా పర్మనెంటువా, స్థానికులకెన్ని, ఏ కాగితం మీద? అన్నీ చదివి, అన్నీ అడిగి, చివరికి ఊరు 'రానివ్వండి' అంటే అదీ గౌరవంగానే ఉంటుంది. బూడిద చెరువుకి అడుగున పొర వేయాలి, బోర్లు తోడకూడదు, లారీలు బడివేళల్లో తిరగకూడదు అని ఊరు అడిగినవి అనుమతి పత్రంలో షరతులుగా చేరతాయి. అడగనివి చేరవు. ఒకళ్ళకి ఉద్యోగం, ఒకళ్ళకి పరిహారం, ఒకళ్ళకి గుడికి విరాళం అని విడివిడిగా ఇళ్ళకి తిరిగే మధ్యవర్తుల ముందు మాత్రం జాగ్రత్త. ఊరు కలిసి అడిగింది రికార్డుకి ఎక్కుతుంది, గుమ్మం దగ్గర గుసగుసగా ఒప్పుకున్నది ఎక్కడికీ ఎక్కదు.

మరో మాట, కొన్నిటికి అసలు సభే ఉండదు. అనుమతి ఉన్న పారిశ్రామిక పార్కులో వచ్చే యూనిట్లకీ, పెద్ద పెద్ద భవన నిర్మాణాలకీ ప్రజాభిప్రాయ సేకరణ మినహాయింపు. పార్కు వచ్చినప్పుడే మాట్లాడాలి. పార్కుకి తలుపు తెరిచాక లోపలికి ఎవరొచ్చారని అడిగితే ఆలస్యమైపోయినట్టే.

అనుమతి వచ్చిన రోజు నుంచి మన క్యాలెండరు మళ్ళీ మొదలవుతుంది. అనుమతి ప్రతి పంచాయతీకి రావాలి, అక్కడ ముప్పై రోజులు అందరికీ కనబడేలా ఉంచాలి. జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో అప్పీలు చేయాలన్నా గడువు ముప్పై రోజులే. తగిన కారణం చూపితే మరో అరవై. మన తెలుగు రాష్ట్రాలకి బెంచి చెన్నైలో ఉంది. ఆ తరవాత ఏటా రెండుసార్లు, జూన్ 1కి, డిసెంబర్ 1కి, షరతులు పాటిస్తున్నామని కంపెనీ నివేదిక ఇవ్వాలి. సంక్రాంతి, ఉగాది గుర్తున్నట్టు ఈ రెండు తేదీలూ గుర్తుండాలి. ఊళ్ళో డిగ్రీ చదివే ఇద్దరికి ఈ పని అప్పజెప్పండి. నివేదికలో నాటామన్న మొక్కల్ని వెళ్ళి లెక్కపెట్టమనండి.

ఇప్పుడు సభ తేదీకి ఇరవై రోజులున్నాయనుకోండి. రేపు పొద్దున్నే ఐదుగురు కలిసి పంచాయతీ ఆఫీసుకి వెళ్ళండి. అందులో ఒకరు ఆడవాళ్ళయి ఉండాలి, ఒకరు ఊరి చివరి పేటవాళ్ళయి ఉండాలి, ఎందుకంటే పొగ ముందు ఎటు వీస్తుందో వాళ్ళకే తెలుసు. ఈఐఏ పుస్తకం చూపించమనండి. లేదంటే, లేదని రాసి, తేదీ వేసి, ముద్ర కొట్టి ఇమ్మనండి. ఆ కాగితం తీసుకుని కలెక్టరు ఆఫీసుకి బస్సెక్కండి.